మొక్కల్లా కనిపించే సముద్ర సహనివేశ జీవులు: చూసి గుర్తించడానికి, సరైన పదాలతో వర్ణించడానికి ఒక సమగ్ర మార్గదర్శి

తీరపు రాళ్ల సందుల్లో, లంగరు తాళ్ల మీద, ఓడల అడుగున, పెద్ద సముద్ర నాచుల ఆకుల మీద అంటుకొని పెరిగే చిన్న చిన్న పొదల్లో చాలా వాటికి కాండం, కొమ్మలు, వేళ్లు ఉన్నట్లే కనిపిస్తాయి. కానీ వాటిలో చాలా భాగం మొక్కలు కావు. వందల, వేల సంఖ్యలో ఉన్న సూక్ష్మ జంతువులు శరీరాలు కలిపి జీవించే సహనివేశాలవి. ఈ పోలిక ఒకప్పుడు మహాపండితులను కూడా తికమక పెట్టింది. జాన్ ఎల్లిస్ సూక్ష్మదర్శిని కింద వీటిని పరిశీలించి ఇవి జంతువులేనని 1755లో సచిత్రంగా ప్రకటించాడు. అయినా 1758లో లిన్నేయస్ తన వర్గీకరణలో వీటిలో అనేకాన్ని ‘జూఫైటా’, అంటే జంతువుకూ మొక్కకూ నడిమి జీవులు, అన్న పేరు కిందనే ఉంచాడు. నేటి వర్గీకరణలో ఆ పేరుకు స్థానం లేదు, ఎందుకంటే దాని కింద చేర్చిన హైడ్రాయిడ్లకూ (జెల్లీఫిష్‌ల బంధువులు) బ్రయోజోవన్లకూ (గదుల్లో నివసించే మరో వర్గపు సూక్ష్మ జంతువులు) సమీప బంధుత్వమే లేదు.

ఈ జీవులను గుర్తించబోయే వారు మొదట పొద ఆకారాన్ని పక్కన పెట్టడం నేర్చుకోవాలి. ఈకలాంటి కొమ్మలు, విసనకర్రలాంటి విస్తరణ, రాతి మీద పరుచుకునే పొర వంటి ఆకారాలు ఒకదానితో ఒకటి సంబంధం లేని వంశాల్లో మళ్లీ మళ్లీ ఏర్పడ్డాయి. కదలలేని జీవి, ప్రవహించే నీటిలోంచి ఆహారం పట్టుకోవాలంటే శరీరాన్ని నీటిలోకి చాపుకోక తప్పదు. అందుకు కొమ్మలు వేయడం అనువైన మార్గం కాబట్టి ఎవరికి వారు అదే దారి పట్టారు. కనుక ఆకారం నీటి ప్రవాహం గురించి కొంత చెబుతుంది గాని వంశం గురించి చాలా తక్కువ చెబుతుంది. వంశాన్ని చెప్పేది ఆ పొదలో ఉన్న ఒక్కొక్క జీవి నిర్మాణం. ఈ మార్గదర్శిలోని మెట్లన్నీ ఆ ఒక్క జీవిని చేరుకోవడానికే.

మొదటి మెట్టు: పదాలను మూడు స్థాయిలుగా విడదీసుకోవడం

ఈ విషయంలో పారిభాషిక పదాలు వందల్లో ఉన్నాయి. వాటిని అక్షరక్రమంలో బట్టీ పట్టడం వల్ల ప్రయోజనం లేదు. ఎదురైన ప్రతి పదాన్నీ ఒక ప్రశ్న అడగాలి: ఇది మొత్తం సహనివేశాన్ని గురించినదా, అందులోని ఒక్క జీవిని గురించినదా, లేక ఆ జీవి తన చుట్టూ స్రవించుకున్న తొడుగును గురించినదా? ఈ మూడు స్థాయిలను కలిపేయడం వల్లనే వర్ణనల్లో అత్యధిక గందరగోళం పుడుతుంది.

సహనివేశం అంటే గుంపు కాదు. రాతి మీద పక్కపక్కనే కిక్కిరిసి ఉన్న బార్నకిళ్లు గుంపు మాత్రమే, ఎందుకంటే ప్రతి బార్నకిల్ వేరే డింభకం (ఈదే పిల్ల దశ) నుంచి వచ్చినదే. సహనివేశంలో మాత్రం ఒకే డింభకం ఒకచోట స్థిరపడి రూపవిక్రియ చెంది మొదటి జీవిగా మారుతుంది. దాని నుంచి కోరకీభవనం ద్వారా, అంటే మొగ్గలు తొడుగుతూ, మిగిలినవన్నీ పుడతాయి. అవి కణజాలంతో పరస్పరం కలిసే ఉంటాయి, జన్యుపరంగా ఒకటే. అలా కలిసి ఉన్న ఒక్కొక్క జీవిని జూయిడ్ అంటారు. హైడ్రాయిడ్లు, పగడాలు ఉండే నిడేరియా వర్గానికి చెందిన సహనివేశాల్లో దానిని పాలిప్ అని కూడా అంటారు. బ్రయోజోవన్ల జూయిడ్‌ను నేడు పాలిప్ అనరు.

తొడుగుకు వంశాన్ని బట్టి పేరు మారుతుంది. హైడ్రాయిడ్లలో కొమ్మలన్నిటిలో నడిచే సజీవ కణజాల నాళం సీనోసార్క్, దాని చుట్టూ ఉండే కైటిన్ అనే గట్టి పదార్థపు గొట్టం పెరిసార్క్. బ్రయోజోవన్లలో ఒక జూయిడ్ అస్థిపంజరపు గది జూయీషియం, సహనివేశం మొత్తపు అస్థిపంజరం జోయేరియం. మెత్తని పగడాలలో, సముద్ర విసనకర్రల్లో పాలిప్‌లను కలిపే ఉమ్మడి కండ సీనెంకైమ్, దానిలో పొదిగి ఉండే సున్నపు కణికలు స్క్లెరైట్లు.

రెండో మెట్టు: సామగ్రి సిద్ధం చేసుకోవడం, నమూనాను ప్రశాంతంగా ఉంచడం

పది రెట్లు పెద్దదిగా చూపే చేతి కటకంతో ఆరంభించవచ్చు. బ్రయోజోవన్ జూయిడ్ సాధారణంగా అర మిల్లీమీటరు పరిమాణంలో ఉంటుంది కాబట్టి వివరాలు కావాలంటే స్టీరియో సూక్ష్మదర్శిని తప్పనిసరి. వీటితోపాటు లోతు తక్కువ ఉన్న గాజు పాత్ర, దాని కింద పరచడానికి నల్లని కాగితం, పక్క నుంచి వేయగల దీపం, సన్నని పట్టకారు, ఒక డ్రాపర్ ఉండాలి. జూయిడ్లు దాదాపు పారదర్శకంగా ఉంటాయి. పైనుంచి వెలుగు పడితే కనబడని స్పర్శకాలు, అంటే నోటి చుట్టూ ఉండే సన్నని చేతుల్లాంటి పోగులు, నల్లని నేపథ్యం మీద పక్క వెలుతురులో స్పష్టంగా మెరుస్తాయి.

నమూనాను అది దొరికిన చోటి సముద్రపు నీటిలోనే ఉంచాలి. కుళాయి నీరు తగిలితే జూయిడ్లు ముడుచుకొని చనిపోతాయి. పాత్రలో నీరు చల్లగా ఉండాలి, నమూనా చిన్నదిగా ఉండాలి, ఆ తరువాత పాత్రను కదపకుండా వదిలేయాలి. ముడుచుకుపోయిన సహనివేశం తిరిగి తెరుచుకోవడానికి పట్టే సమయాన్ని తొందరపెట్టే ఉపాయం లేదు. తొలిసారి చూసేవారు చాలామంది ఇక్కడే ఓపిక కోల్పోయి, ముడుచుకున్న నమూనాను చూసి ఏమీ లేదనుకొని పారేస్తారు.

నమూనా కోసం బతికున్న పగడాలను గాని సముద్ర విసనకర్రలను గాని విరవకూడదు. అవి నెమ్మదిగా పెరుగుతాయి. పైగా అనేక దేశాల్లో వాటి సేకరణ నేరం. నల్ల పగడాలు, రాతి పగడాలు, అగ్ని పగడాలు అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందపు రెండో అనుబంధంలో ఉన్నాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచు, ఖాళీ గవ్వలు, తేలుతున్న తాళ్లు నేర్చుకోవడానికి సరిపోయినన్ని నమూనాలను ఇస్తాయి. ఈక ఆకారపు హైడ్రాయిడ్లలో కొన్ని చర్మాన్ని తీవ్రంగా కుడతాయి కాబట్టి చేతి తొడుగులు లేకుండా దేనినీ ముట్టుకోకూడదు. జిగురు ముద్దలా ఉండే ఆల్సియోనిడియం అనే బ్రయోజోవన్‌ను వలల్లో తరచుగా తాకే ఉత్తర సముద్రపు జాలరులకు చర్మవ్యాధి వస్తుంది. కనుక కుట్టే కణాలు లేని జీవి నిరపాయమని అనుకోవడం కూడా సరికాదు.

మూడో మెట్టు: అది జంతువేనని నిర్ధారించుకోవడం

రంగును నమ్మకూడదు. ఆకుపచ్చ, గోధుమ, ఎరుపు రంగులు రెండు వైపులా ఉన్నాయి. కటకం కింద కొమ్మ అంచును చూసినప్పుడు క్రమబద్ధంగా అమరిన గిన్నెలు, పెట్టెలు లేదా గొట్టాలు, వాటన్నిటికీ ఒకే రకమైన మూతి కనిపిస్తే అది దాదాపు ఖాయంగా సహనివేశ జంతువు. నాచులో అలాంటి పునరావృత గదులు ఉండవు. దాని ఉపరితలం అంతటా కణాలు పరుచుకొని కొనసాగుతాయి.

సున్నం పట్టిన ఎర్ర నాచులు మాత్రం నిజంగా ఇబ్బంది పెడతాయి. గణుపులుగా విరిగినట్లుండే కొరలైన్ నాచు పైకి బ్రయోజోవన్ పొదలాగే గట్టిగా, తెల్లగా కనిపిస్తుంది. వెనిగర్ చుక్క వేస్తే బుడగలు వస్తాయి కాబట్టి జంతువేనని తేల్చేవారు ఉన్నారు. ఆ పరీక్ష సున్నం ఉందని మాత్రమే చెబుతుంది, జంతువని చెప్పదు. రెండింటికీ బుడగలు వస్తాయి. తేడా గదుల్లో ఉంది: కొరలైన్ నాచు గణుపు నునుపుగా ఉండి, ప్రత్యుత్పత్తి కోసం అక్కడక్కడ ఒకటి రెండు బొడిపెలు మాత్రమే ఉంటాయి. బ్రయోజోవన్ కొమ్మలో ప్రతి అర మిల్లీమీటరుకూ ఒక గది, గదికొక మూతి ఉంటాయి.

స్పంజికలు కూడా కొమ్మలు వేస్తాయి. వాటి రంధ్రాలు ఒకే పరిమాణంలో ఉండవు, రంధ్రంలోంచి ఎన్నటికీ స్పర్శకాలు బయటికి రావు.

ఎండిపోయిన నమూనాలో కూడా ఈ పరీక్ష పనిచేస్తుంది. నీళ్లు పోయనక్కరలేని ఫెర్న్ అని అలంకరణ కోసం అమ్మే ఆకుపచ్చని ఈకలు నిజానికి సెర్టులేరియా అనే హైడ్రాయిడ్ ఎండిన పెరిసార్క్‌కు రంగు వేసి తయారుచేసినవి. కటకం కింద పెడితే ప్రతి రెమ్మకూ రెండు వైపులా ఖాళీ గిన్నెలు బారులు తీరి కనిపిస్తాయి.

నాలుగో మెట్టు: స్పర్శకాలను చూడడం

మొత్తం పనిలో అతి ముఖ్యమైన ఘట్టం ఇది. సహనివేశం తెరుచుకున్న తరువాత ఒక్క జూయిడ్‌ను ఎంచుకొని దాని మీదనే దృష్టి నిలపాలి.

హైడ్రాయిడ్ పాలిప్ స్పర్శకాలు ఒక్కొక్కటీ విడివిడిగా ప్రవర్తిస్తాయి. ఒకటి మెల్లగా వంగుతుంది, పక్కది చాచుకొనే ఉంటుంది. రొయ్యల బంధువైన ఒక చిన్న క్రస్టేషియన్ తగిలితే తగిలిన స్పర్శకం దానికి అంటుకుంటుంది, చుట్టుపక్కలవి ఒకటి రెండు దానికి తోడవుతాయి, ఆ తరువాత అన్నీ కలిసి ఎరను నోటివైపు వంచుతాయి. ఎరను పట్టి నిలిపేవి స్పర్శకాల మీది దంశకణాలు, అంటే కుట్టే కణాలు, వాటిలో చుట్టగా ఉండి ఒక్కసారిగా బయటికి విసిరే నిమటోసిస్టులు. సూది మొనతో తాకితే పాలిప్ నింపాదిగా ముడుచుకుంటుంది. లోపలికి చూస్తే జీర్ణకుహరానికి ఒకే ద్వారం ఉంటుంది. నోరూ అదే, విసర్జన మార్గమూ అదే.

బ్రయోజోవన్ ప్రవర్తన పూర్తిగా వేరు. దాని స్పర్శకాలు కలిసి ఒక చక్కని గరాటును ఏర్పరుస్తాయి. ఆ గరాటు పేరు లోఫోఫోర్. ప్రతి స్పర్శకం మీదా శైలికలు అనే సూక్ష్మ రోమాలు నిరంతరం కొట్టుకుంటూ నీటిని గరాటులోకి తెచ్చి స్పర్శకాల మధ్య నుంచి బయటికి పంపుతాయి. నీటిలో తేలే సూక్ష్మ రేణువులు గరాటు మధ్యకు దూసుకుపోవడాన్ని సూక్ష్మదర్శిని కింద చూడవచ్చు. పాత్ర అంచును వేలితో తడితే గరాటు మొత్తం కనురెప్ప పాటులో గదిలోకి మాయమవుతుంది. దానిని లాగే కండరం జంతు ప్రపంచంలో అతి వేగంగా సంకోచించే కండరాల్లో ఒకటి. తిరిగి బయటికి వచ్చేటప్పుడు మాత్రం ముందుగా స్పర్శకాల కట్ట మెల్లగా పైకి లేచి, చివరికి ఒక్కసారిగా విచ్చుకుంటుంది. జీర్ణనాళం ‘యు’ ఆకారంలో వంగి ఉంటుంది, పాయువు స్పర్శకాల వలయానికి వెలుపల తెరుచుకుంటుంది. ఈ వర్గానికి ఎక్టోప్రొక్టా అన్న మరో పేరు అందుకే వచ్చింది.

మూడో అవకాశం, సరిగ్గా ఎనిమిది స్పర్శకాలు ఉండి, ప్రతిదానికీ రెండు వైపులా ఈకకు ఉన్నట్లు చిన్న పోగులు ఉండడం. అయితే అది ఆక్టోకోరల్ (మెత్తని పగడాలు, సముద్ర విసనకర్రలు, సముద్ర కలాలు ఈ గుంపువే), మరి దేనితోనూ పొరపడడానికి వీలు లేదు. స్పర్శకాలు ఆరు మాత్రమే, పోగులు లేకుండా, పూర్తిగా ముడుచుకోలేకుండా ఉంటే నల్ల పగడం గురించి ఆలోచించాలి.

ఇక ఒక్క మినహాయింపు. చిన్న కాడ మీద గిన్నెలాంటి శరీరం, దాని అంచున శైలికలున్న స్పర్శకాలు ఉండి, ముడుచుకునేటప్పుడు అవి గదిలోకి మాయం కాకుండా లోపలికి చుట్టుకుంటే అది ఎంటోప్రొక్టా జీవి. దాని పాయువు వలయం లోపల ఉంటుంది. పెడిసెల్లినా సహనివేశాలను తొలిచూపులో హైడ్రాయిడ్లనుకోవడం చాలా సహజం.

ఐదో మెట్టు: హైడ్రాయిడ్ అయితే ఏమేం చూడాలి

అడుగు నుంచి పైకి రావాలి. ఆధారం (జీవి అంటుకొని ఉన్న రాయి, నాచు వంటిది) మీద పాకే వేరులాంటి గొట్టాల అల్లిక హైడ్రోరైజా. దాని నుంచి పైకి లేచే కాండం హైడ్రోకాలస్. కాండం ఒకే గొట్టంగా ఉందా, అనేక గొట్టాలు కట్టగా కలిసి ఉన్నాయా అన్నది మొదట నమోదు చేయాలి. ఒకే గొట్టమైతే మోనోసైఫోనిక్ అనీ, కట్ట అయితే పాలీసైఫోనిక్ అనీ అంటారు. తరువాత కొమ్మలు ఎదురెదురుగా వచ్చాయా, ఒకటి విడిచి ఒకటిగా వచ్చాయా, కాండం నిటారుగా సాగిందా, ప్రతి గణుపు దగ్గరా మెలిక తిరిగిందా అన్నది చూడాలి. పెరిసార్క్ మీద కొన్ని చోట్ల ఉంగరాల్లాంటి నొక్కులు ఉంటాయి. వాటి స్థానం, సంఖ్య జాతిని గుర్తించడంలో నిజంగా పనికివస్తాయి.

ఆహారం తీసుకునే పాలిప్‌ను హైడ్రాంత్ అంటారు. దాని చుట్టూ పెరిసార్క్ గిన్నెలా విస్తరించి ఉంటే ఆ గిన్నె పేరు హైడ్రోథీకా. హైడ్రాంత్ దానిలోకి ముడుచుకోగలదు. హైడ్రోథీకా ఉన్నవి లెప్టోథీకేటా క్రమానికి, లేనివి ఆంథోఅథీకేటా క్రమానికి చెందుతాయి. హైడ్రాయిడ్ల గుర్తింపులో అన్నిటికంటె పెద్ద చీలిక ఇదే కాబట్టి ఇక్కడ తొందరపడకూడదు. హైడ్రాంత్ కింద పెరిసార్క్ ఆగిపోయిందా, లేక పల్చని గిన్నెగా పైకి కొనసాగిందా అన్నది వెలుతురు కోణం మార్చి రెండు మూడు హైడ్రాంత్‌ల దగ్గర సరిచూసుకోవాలి.

హైడ్రోథీకా ఉన్నట్లయితే దాని ఆకారం, కాడ ఉందా లేక నేరుగా కొమ్మకు అతుక్కుందా, అంచు నునుపుగా ఉందా పళ్లు తేలి ఉందా, మూత ఉందా అన్నవి రాయాలి. ఒబీలియాలో గంట ఆకారపు హైడ్రోథీకా ఉంగరాలున్న కాడ మీద నిలుస్తుంది. సెర్టులేరియాలో కాడ లేని హైడ్రోథీకాలు కొమ్మకు రెండు వైపులా అతుక్కుని ఉంటాయి, వాటికి మూత ఉంటుంది. ఆగ్లావోఫేనియా వంటి ఈక హైడ్రాయిడ్లలో హైడ్రోథీకాలు రెమ్మకు ఒకే వైపున బారుగా ఉంటాయి. ప్రతిదాని పక్కనా నిమటోథీకా అనే అతి చిన్న తొడుగులు ఉంటాయి. వాటిలో ఉండేవి కుట్టడమే పనిగా గల, నోరు లేని సూక్ష్మ జూయిడ్లు.

హైడ్రోథీకా లేనట్లయితే స్పర్శకాల అమరికే ఆధారం. ట్యుబులేరియాలో పొడవాటి కాడ చివర గులాబీ రంగు హైడ్రాంత్, దానికి నోటి చుట్టూ ఒక వరుస, కింద మరో వరుస స్పర్శకాలు ఉంటాయి. ఆ రెండు వరుసల మధ్య ప్రత్యుత్పత్తి కోరకాలు గుత్తులుగా వేలాడతాయి. కోరైనీలో స్పర్శకాల చివర గుండ్రని బొడిపె ఉంటుంది. అలాంటి స్పర్శకాన్ని క్యాపిటేట్ అనీ, చివరిదాకా సన్నగా సాగేదాన్ని ఫిలిఫామ్ అనీ అంటారు.

ఒకే సహనివేశంలో జూయిడ్లు వేర్వేరు రూపాల్లో ఉండడాన్ని బహురూపకత అంటారు. సన్యాసి పీత మోసే గవ్వ మీద పరుచుకునే హైడ్రాక్టీనియా దీనికి చక్కని నిదర్శనం. తినే గ్యాస్ట్రోజూయిడ్లు, సంతానాన్ని కనే గోనోజూయిడ్లు, రక్షించే డాక్టైలోజూయిడ్లు మూడూ దానిలో ఉంటాయి. ఒబీలియాలో సంతానోత్పత్తి జూయిడ్‌ను బ్లాస్టోస్టైల్ అనీ, దాని చుట్టూ ఉన్న కూజాలాంటి తొడుగును గోనోథీకా అనీ, రెండింటినీ కలిపి గోనాంజియం అనీ అంటారు. దాని నుంచి జెల్లీఫిష్‌లాంటి చిన్న మెడ్యూసాలు విడివడి ఈదుకుంటూ పోతాయి, లైంగిక ప్రత్యుత్పత్తి వాటి పని. అన్ని హైడ్రాయిడ్లూ మెడ్యూసాలను వదలవు. సెర్టులేరియాలో ఆ దశ కుంచించుకుపోయి సహనివేశం మీదనే ఉండిపోతుంది. గోనోథీకాలు ఉన్న నమూనా దొరికితే దానిని చాలా జాగ్రత్తగా చూసుకోవాలి, ఎందుకంటే అవి లేకుండా జాతి వరకు వెళ్లడం అనేక కుటుంబాల్లో సాధ్యం కాదు.

ఆరో మెట్టు: బ్రయోజోవన్ అయితే ఏమేం చూడాలి

ఇక్కడ మొదటి ప్రశ్న గది దేనితో తయారైంది అన్నది. సున్నం లేకుండా పొరగా గాని జిగురుగా గాని ఉంటే టీనోస్టోమేటా, సున్నపు గొట్టం చివర మూత లేని గుండ్రని మూతి ఉంటే సైక్లోస్టోమేటా, పెట్టెలాంటి గదికి కీలు మీద తెరుచుకునే మూత ఉంటే కైలోస్టోమేటా. నేటి సముద్రాల్లో కనిపించే బ్రయోజోవన్లలో ఎక్కువ భాగం ఈ చివరి క్రమానివే.

రెండోది గదుల అమరిక. ఒకే వరుసగా ఉంటే యూనిసీరియల్, రెండు వరుసలైతే బైసీరియల్, అనేక వరుసలైతే మల్టీసీరియల్ అంటారు. బుగులా కొమ్మల్లో చాలా వరకు రెండు వరుసలే ఉంటాయి. ఫ్లస్ట్రా ఆకుకు రెండు ముఖాల మీదా గదులు ఉంటాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఫ్లస్ట్రాను సముద్ర నాచు అనుకోని వారు అరుదు. తాజాగా ఉన్నప్పుడు దానికి నిమ్మ వాసన కూడా ఉంటుంది. ఈ జీవి మరో కారణంగా గుర్తుంచుకోదగినది. ఎడిన్‌బరోలో విద్యార్థిగా ఉన్న ఛార్లెస్ డార్విన్ 1827లో అక్కడి విద్యార్థి సంఘంలో చదివిన తన తొలి శాస్త్రీయ పరిశీలన ఫ్లస్ట్రా డింభకాల గురించినదే. అవి శైలికలతో ఈదుతాయని అతడు గమనించాడు.

గది లోపల కదిలే భాగాన్ని, అంటే లోఫోఫోర్‌ను, జీర్ణనాళాన్ని, వాటి కండరాలను కలిపి పాలిపైడ్ అంటారు. గది గోడను, దాని సజీవ పొరతో సహా, సిస్టిడ్ అంటారు. ఈ విభజన ఎందుకు అవసరమో కొన్ని గదులను వరుసగా చూస్తే తెలుస్తుంది. పాలిపైడ్ వయసు తీరి క్షీణించి గోధుమరంగు ముద్దగా మిగులుతుంది, సిస్టిడ్ మాత్రం బతికే ఉండి కొత్త పాలిపైడ్‌ను పుట్టిస్తుంది. గదిలో గోధుమరంగు ముద్ద ఒక్కటే కనిపిస్తే జూయిడ్ చనిపోయిందని రాయకూడదు.

కైలోస్టోమ్‌లలో ఆహారం తీసుకోని ప్రత్యేక జూయిడ్లు ఉంటాయి. వాటిలో ఏవిక్యులేరియం అన్నిటికంటె ఆశ్చర్యకరమైనది. బుగులా వంశంలోని అనేక జాతుల్లో అది పొట్టి కాడ మీద నిలిచిన పక్షి తలలా ఉంటుంది. సాధారణ జూయిడ్ మూతే ఇక్కడ కింది ముక్కుగా మారింది. సూక్ష్మదర్శిని కింద సజీవ కొమ్మను పెడితే ఈ తలలు ముందుకూ వెనక్కూ ఊగుతూ, ముక్కులు బాగా తెరిచి పట్టుకొని, ఉన్నట్టుండి మూసుకుంటూ కనిపిస్తాయి. కొమ్మ మీదుగా పాకే చిన్న పురుగు కాలో వెంట్రుకో వాటి మధ్య చిక్కితే అవి పట్టిన పట్టు విడవవు. ముక్కు స్థానంలో పొడవాటి కుచ్చువెంట్రుక ఉంటే అది వైబ్రాక్యులమ్, ఉపరితలాన్ని ఊడ్చడం దాని పని. ఏవిక్యులేరియం కాడ మీద ఉందా, గోడకు అతుక్కుని ఉందా, గదికి ఏ మూలన ఉంది, ముక్కు ఆకారం ఏమిటి అన్నవన్నీ నమోదు చేయాలి. అది లేకపోవడం కూడా ఒక లక్షణమే. ఓడల అడుగున విరివిగా పెరిగే ముదురు ఊదా గోధుమరంగు బుగులా నెరిటినాకు ఏవిక్యులేరియా గాని ముళ్లు గాని ఉండవు. క్యాన్సర్ పరిశోధనల్లో పేరు విన్న బ్రయోస్టాటిన్ మొదట దొరికింది ఈ జీవిలోనే.

పిండాలను పొదిగే గుండ్రని బుడిపె ఓవిసెల్. డింభకం నుంచి నేరుగా ఏర్పడిన మొదటి జూయిడ్ ఆన్సెస్ట్రులా. అది సాధారణంగా మిగిలినవాటికంటె చిన్నదిగా, భిన్నంగా ఉండి, పొర మధ్యలోనో పొద మొదట్లోనో కనిపిస్తుంది. ముళ్ల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. పెద్ద నాచు ఆకుల మీద తెల్లని జాలీలా పరుచుకునే మెంబ్రానిపోరా, తనను తినే సముద్రపు స్లగ్గులు దాపులకు వస్తే కొత్తగా ముళ్లు పెంచుకుంటుంది. ముళ్లు ఉన్నదీ లేనిదీ ఒకే జాతి కావచ్చు. కాబట్టి ముళ్లను వర్ణించాలి గాని, ఆ ఒక్క ఆధారంతో పేరు పెట్టకూడదు.

ఏడో మెట్టు: ఆక్టోకోరల్స్, వాటి పొరుగువారు

సముద్ర విసనకర్రల్లో గోర్గోనిన్ అనే కొమ్ములాంటి పదార్థంతో చేసిన ఇరుసు ఉంటుంది, దాని చుట్టూ సీనెంకైమ్ కప్పి ఉంటుంది. కొమ్మలు ఒకే తలంలో ఉన్నాయా, ఒకదానితో ఒకటి కలిసి వలగా మారాయా అన్నవి రాసిన తరువాత స్క్లెరైట్ల మీదికి వెళ్లాలి, గుర్తింపు వాటి మీదనే ఆధారపడుతుంది. చిటికెడు కండను గాజు పలక మీద బ్లీచ్ ద్రావణంలో వేస్తే మెత్తని భాగం కరిగి, కదురు ఆకారంలోను, బొడిపెలతోను ఉండే స్క్లెరైట్లు మిగులుతాయి. ఈ పలక మీద వెనిగర్ గాని మరే ఆమ్లం గాని పడనివ్వకూడదు. బ్లీచ్‌తో కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది, అంతేకాక సున్నపు స్క్లెరైట్లు కూడా కరిగిపోతాయి.

బురద నేలలో నాటినట్లు నిలిచే సముద్ర కలాలలో మొదటి పాలిప్ మొత్తం కాండంగా మారుతుంది. దాని కింది భాగం పెడంకుల్, పై భాగం రేకిస్. తినే పాలిప్‌లు ఆటోజూయిడ్లు, నీటిని లోపలికి తోడేవి సైఫోనోజూయిడ్లు. నల్ల పగడాన్ని దాని ఇరుసు మీది సూక్ష్మమైన ముళ్లు పట్టిస్తాయి. అగ్ని పగడం పేరుకు పగడమే అయినా హైడ్రోజోవా విభాగపు జీవి. దాని సున్నపు ఉపరితలం మీద పెద్ద రంధ్రం చుట్టూ చిన్న రంధ్రాలు ఉంటాయి. తినే పాలిప్‌లు పెద్దవాటిలోంచి, కుట్టే పాలిప్‌లు చిన్నవాటిలోంచి వస్తాయి.

ఎనిమిదో మెట్టు: వర్ణన రాయడం

పేరు తెలిసినా తెలియకపోయినా వర్ణన ముందు రాయాలి. పేరు తెలిసిందనుకున్న క్షణం నుంచి కన్ను ఆ పేరుకు సరిపడేవే చూడడం మొదలుపెడుతుంది. ఆధారం, సహనివేశం, తొడుగు, జూయిడ్, ప్రత్యుత్పత్తి భాగాలు అన్న క్రమంలో వెళ్తే ఏదీ జారిపోదు. ఒక నమూనా వర్ణన ఇలా ఉండవచ్చు:

“గోధుమరంగు నాచు ఆకు మీద పాకే హైడ్రోరైజా. దాని నుంచి లేచిన కాండాలు నిటారుగా, మోనోసైఫోనిక్‌గా, కొమ్మలు లేకుండా, 20 మి.మీ. ఎత్తున ఉన్నాయి. కాండం ప్రతి గణుపు దగ్గరా మెలిక తిరిగి ఉంది, అక్కడ పెరిసార్క్ ఒక పక్కన మందంగా ఉంది. హైడ్రోథీకాలు ఒకటి విడిచి ఒకటిగా, ఉంగరాలున్న పొట్టి కాడల మీద, గంట ఆకారంలో, నునుపైన అంచుతో, మూత లేకుండా ఉన్నాయి. స్పర్శకాలు ఫిలిఫామ్, ఒకే వలయం. గోనోథీకాలు కాడల మొదట్లో, కూజా ఆకారంలో, ఇరుకైన మూతితో ఉన్నాయి.”

దీనిలో ఎక్కడా పేరు లేదు. అయినా విషయం తెలిసిన పాఠకుడు ఒబీలియా జెనిక్యులేటా దగ్గరకు చేరుకుంటాడు. అలా చేర్చగలగడమే మంచి వర్ణనకు పరీక్ష.

రెండు పదాల దగ్గర ప్రత్యేకంగా మెలకువ వహించాలి. ఒపర్క్యులమ్ అంటే హైడ్రాయిడ్లలో హైడ్రోథీకా అంచున ఉండే రెక్కల మూత, కైలోస్టోమ్‌లలో కీలు మీద తిరిగే గది మూత. గోనోజూయిడ్ అంటే హైడ్రాయిడ్లలో సంతానాన్ని కనే పాలిప్, సైక్లోస్టోమ్‌లలో పిండాలను పొదగడానికి ఉబ్బిన జూయిడ్. వీటిని వాడే ముందు ఏ వర్గపు జీవి గురించి రాస్తున్నారో ఆ వాక్యంలోనే స్పష్టం చేయాలి.

తొమ్మిదో మెట్టు: భద్రపరచడం

సజీవ నమూనాను నేరుగా ఆల్కహాల్‌లో వేస్తే జూయిడ్లన్నీ ముడుచుకొని, స్పర్శకాలు ఎప్పటికీ కనబడకుండా పోతాయి. ముందుగా వాటిని మత్తులోకి దించాలి. మంచినీటిలో సుమారు 7.5 శాతం మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణం చేసుకొని, జూయిడ్లు విచ్చుకొని ఉన్న సముద్రపు నీటిలో అంచు నుంచి కొద్దికొద్దిగా, దాదాపు సమాన పరిమాణం అయ్యేవరకు కలపాలి. సూదితో తాకినా స్పర్శకాలు ముడుచుకోనప్పుడు మాత్రమే భద్రపరిచే ద్రవంలోకి మార్చాలి. సున్నం ఉన్న బ్రయోజోవన్లకు, ఆక్టోకోరల్స్‌కు ఆల్కహాల్ మంచిది. ఫార్మలిన్ కాలక్రమేణా ఆమ్లంగా మారి సున్నాన్ని తినేస్తుంది, గుర్తింపుకు ఆధారమైన స్క్లెరైట్లే మాయమవుతాయి. డీఎన్‌ఏ పరీక్షకు ఉద్దేశించిన ముక్కను ఫార్మలిన్ తగలనివ్వకుండా గాఢ ఇథనాల్‌లో విడిగా ఉంచాలి.

సీసా లోపలే, పెన్సిల్‌తో రాసిన చీటీ వేయాలి, ఇంకు అయితే ఆల్కహాల్‌లో కరిగిపోవచ్చు. చీటీ మీద తేదీ, చోటు, లోతు, ఆధారం, సజీవంగా ఉన్నప్పటి రంగు రాయాలి. రంగు ద్రవంలో నిలవదు కాబట్టి మత్తుమందు కలపక ముందే దానిని రాసుకోవాలి. పేరు దగ్గర, కుటుంబం వరకే నిశ్చయమైతే కుటుంబం పేరే రాసి, జాతి స్థానాన్ని ఖాళీగా ఉంచాలి. గోనోథీకాలు గాని ఓవిసెల్‌లు గాని ఉన్న మరో నమూనా అదే చోట దొరికినప్పుడు ఆ ఖాళీని పూరించవచ్చు.